కుక్కబొమ్మ ప్లేటూ మా ఇంటి ఉర్దూ

మా నానీమా కుక్కబొమ్మ మీద కాగితం అంటించేది. హిజ్ మాస్టర్స్ వాయిస్ వాళ్ల ప్లేటు ఏది ఇంట్లోకొచ్చినా, బూర ముందు కూచున్న ఆ కుక్కని మైదాపిండి లయితో అంటించిన కాగితం ముక్క కింద కప్పేశాకే అల్మారాలో పెట్టనిచ్చేది. కవరు మీదా అంతే, ప్లేటు నడిమి గుండ్రటి చీటీ మీదా అంతే. కుక్కబొమ్మ ఉన్న ఇంట్లో ఫరిష్తాలు అడుగుపెట్టరని ఆమె నమ్మకం. పాట వద్దని మాత్రం ఎన్నడూ అనలేదు. పైగా బుధవారం రాత్రి ఇషా నమాజు కాగానే, తస్బీ చేతిలోనే పెట్టుకుని, రేడియో దగ్గర ముందు వరసలో కూచునేది ఆమే.

ముస్లిం ఇంట్లో పాటలేమిటని వింతపోయే వాళ్లకూ, ముస్లిం ఇంట్లో పాటలా అని గద్దించే మా వాళ్లకూ కలిపి మా నానీమా ఇచ్చిన జవాబు ఆ కాగితం ముక్క. దాని మీద ఫత్వా అడగలేదు. ఆమెకు తోచింది.

డెబ్బయ్యో దశకంలో వరంగల్లో పెరిగిన మా తరం ముస్లింల గురించి రాసినవాళ్లు తక్కువ. రాస్తే నిజాం గురించి, రజాకార్ల గురించి, లేకపోతే పేదరికం గురించి రాశారు. మేం పాటలు విన్నామని, ఏ పాట ఎన్నో నంబరులో ఉందో కాపీలో రాసుకున్నామని, నలుగురం పైసలు పోగేసి ఒక ప్లేటు కొన్నామని ఎవరూ రాయలేదు. మేమూ రాసుకోలేదు. ఇదీ చరిత్రేనా అన్న అనుమానం మాకే ఉండేది.

ఈ కథ 1952లో మొదలవుతుంది. ఆ ఏడు కేంద్రంలో సమాచార ప్రసార మంత్రిగా వచ్చిన బి.వి. కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటకు దాదాపు తలుపులు మూసేశాడు. శాస్త్రీయ సంగీతమే దేశానికి మంచిదని ఆయన పట్టుదల. హిందుస్తానీ సంగీతం దిగజారడానికి ముస్లిం పాలకులూ ముస్లిం గాయకులూ కూడా కారణమని ఆయన అభిప్రాయం. అంటే ఆ తలుపులు మూసినప్పుడు సినిమా పాటతో పాటు ఇంకా దేన్నో బయట పెట్టాలనుకున్నారని ఇప్పుడు మాకు అర్థమవుతోంది. అప్పట్లో ఇళ్లల్లో ఎవరికీ కేస్కర్ పేరు తెలియదు. ఆకాశవాణిలో పాటలు రావు, సిలోన్‌లో వస్తాయి, అంతే తెలుసు.

కొలంబోలో రెండో ప్రపంచయుద్ధం నాటి సైనిక రేడియో వదిలివెళ్లిన బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంది. దాన్ని పెట్టుకుని రేడియో సిలోన్ వ్యాపార ప్రకటనలతో హిందీ పాటలు ప్రసారం చేసింది. 1952 డిసెంబరులో బినాకా టూత్‌పేస్టు కంపెనీ సొమ్ముతో ‘గీత్‌మాలా’ మొదలయింది. మొదట పాటలకు వరస నంబర్లు లేవు. 1954 నుంచి నంబర్లొచ్చాయి. పాట ఒక్కొక్క మెట్టే ఎక్కుతుంది, మెట్టుని ‘పాయ్‌దాన్’ అనేవాడు అమీన్ సయానీ. ఎక్కువ వారాలు పైన నిలిచిన పాటకు బిగుల్ ఊది ‘సర్‌తాజ్ గీత్’ అని పట్టాభిషేకం చేసేవాడు. పెద్ద పట్టణాల దుకాణాల్లో ప్లేట్ల అమ్మకాలూ, ఊరూరా రేడియో క్లబ్బుల వాళ్లు రాసిన ఉత్తరాలూ కలిపి ఆ వరస కట్టేవాళ్లు. అప్పటి బీహారు గనుల ప్రాంతంలోని ఝుమ్రీ తలయ్యా అనే చిన్న ఊరు ఫర్మాయిషీ ఉత్తరాల వల్లే దేశమంతా తెలిసింది. మా కాజీపేట, మా మండిబజార్ పేర్లు కూడా ఒక్కసారి రేడియోలో వినబడాలని మేం రాసిన పది పైసల కార్డులకు లెక్కలేదు.

1957లో ఢిల్లీ వాళ్లు కూడా ఓడిపోయామని ఒప్పుకుని వివిధభారతి పెట్టారు. అయినా బుధవారం రాత్రి ఎనిమిది గంటలు మాత్రం సిలోన్‌దే. 1972లో సిలోన్ శ్రీలంక అయింది, స్టేషను పేరూ మారింది. మా నోళ్లలో మారలేదు. తెలుగు పాటలూ అక్కడి నుంచే వచ్చేవి. మీనాక్షి పొన్నుదురై గొంతు వినని తెలుగిల్లు ఆ రోజుల్లో తక్కువ. మా వీధిలో తెలుగువాళ్ల ఇంట్లో అదే స్టేషను, మా ఇంట్లో అదే స్టేషను, గంటలు మాత్రం వేరు. ఒకే గోడకి ఇటూ అటూ పంచుకున్న కొలంబో అది.

ఇక్కడ ఉర్దూ సంగతి చెప్పుకోవాలి. 1948 సెప్టెంబరు దాకా వరంగల్ సుబాకి కేంద్రం. కచేరీల్లో, కోర్టుల్లో, బళ్లలో ఉర్దూ రాజ్యమేలింది. అది తెలుగు పిల్లవాడి నోరు నొక్కిన ఉర్దూ కూడా. ఆ మాట దాచి మేం మా కథ చెప్పదలుచుకోలేదు. అయితే ఆ ఉర్దూ దర్బారుది. ఆజంజాహీ మిల్లులో షిఫ్టు చేసే మనిషిదీ, రిక్షా తొక్కే మనిషిదీ, బీడీలు చుట్టే ఆడమనిషిదీ ఆ ఉర్దూ కాదు. ‘నక్కో’, ‘హౌ’, ‘కైకు’ అనే మా దక్కనీని నవాబులూ ఉర్దూ కింద లెక్కగట్టలేదు. పోలీసు చర్య తర్వాత దర్బారు ఉర్దూ పోయింది. ఉద్యోగాలున్న వాళ్లలో కొందరు హైదరాబాదు చేరారు, కొందరు సరిహద్దు దాటారు. 1956లో ఆంధ్రప్రదేశ్ వచ్చాక కచేరీలో ఉర్దూ అర్జీ పెట్టేవాడు వెర్రివాడయ్యాడు. మిగిలిన మాకు దర్బారు పోయినందుకు నష్టమేమీ లేదు, ఎందుకంటే అది మాది కాదు. కానీ శిక్ష మాత్రం మాకే పడింది. భాష మీద పడ్డ అనుమానం మా మీద పడింది.

ఆ అనుమానాల నడుమ ప్రతి బుధవారం రాత్రి ఒక గొంతు ‘బెహనో ఔర్ భాయియో’ అని పలకరించేది. మగవాళ్లకంటే ముందు ఆడవాళ్లను పిలిచేది. దాన్ని మా అమ్మీ గమనించింది, మేం కాదు. ఆ గొంతు మాట్లాడేది హిందీనా, ఉర్దూనా? అమీన్ సయానీ దాన్ని హిందుస్తానీ అనేవాడు. బొంబాయిలో పుట్టిన గుజరాతీ ముస్లిం ఆయన. తల్లి కుల్సుమ్ సయానీ ‘రహ్‌బర్’ అనే పత్రికని నాగరి, ఉర్దూ, గుజరాతీ మూడు లిపుల్లో నడిపింది. గాంధీజీ ప్రోత్సాహం దానికి ఉంది. కొడుకు ఆ పత్రికలో పని చేస్తూ తేలికమాట నేర్చుకున్నాడు. మూడు లిపుల్లో ఒకే మాట రాసే ఇంట్లో పెరిగినవాడు కాబట్టే, ఏ లిపీ రాని మా నానీమాకు ఆయన అర్థమయ్యాడు. సినిమాలకు సెన్సారువాళ్లు హిందీ అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లు, పాటలేమో సాహిర్, మజ్రూహ్, షకీల్, హస్రత్ రాసేవాళ్లు. కచేరీలో చోటుపోయిన భాష పాటలో బతికింది. పేరు మార్చుకుని బతికిందనాలి, యూసుఫ్ ఖాన్ దిలీప్ కుమార్ అయినట్టు, మహజబీన్ మీనా కుమారి అయినట్టు. అయితే రఫీ పేరు మార్చుకోలేదు. ప్లేటు మీద మహమ్మద్ రఫీ అని పూర్తి పేరు ఉండేది. చిన్నప్పుడు ఆ పేరు మీద వేలుపెట్టి చదవడం మాకెంత గర్వంగా ఉండేదో ఇప్పుడు చెబితే పిల్లలు నవ్వుతారు.

ప్లేట్ల సంగతి. మేం పెద్దవాళ్లమయ్యేసరికి లక్కతో చేసిన పెళుసు 78 ప్లేట్లు వెనకబడ్డాయి. చెయ్యి జారితే మట్టి పెంకులా పగిలేవి అవి. తరవాత 45 తిరుగుళ్ల చిన్న ప్లేటు వచ్చింది, ఈపీ అనేవాళ్లు, ఇటు రెండు పాటలు, అటు రెండు. పెద్ద ఎల్పీ మా తాహతు కాదు. ఈపీ కూడా కూలిమనిషికి మూడు నాలుగు రోజుల కూలి. వరంగల్లో ప్లేట్లమ్మే దుకాణమంటే ప్లేట్లే అమ్మేది కాదు. రేడియోలు బాగుచేస్తూ, గడియారాలు అమ్ముతూ, ఒక మూల చెక్క అరల్లో ప్లేట్లు నిలబెట్టేవాళ్లు. కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో తయారయిన ప్లేటు మా దాకా రావడానికి వారాలు పట్టేది. గీత్‌మాలాలో పాట మూడో మెట్టు ఎక్కాక మా దుకాణంలోకి వచ్చేది, సర్‌తాజ్ అయ్యేసరికి అయిపోయేది. తొందరున్నవాళ్లు రైలెక్కి హైదరాబాదు ఆబిడ్స్ పోయేవాళ్లు.

మేం నలుగురం. ఒకరి తండ్రి మిల్లులో, ఒకరి తండ్రి రైల్వేలో, ఒకరిది సోడా బండి, ఒకరికి తండ్రి లేడు. నెలకొక ప్లేటు. వారానికొకరి ఇంట్లో ఉండాలని ఒప్పందం. గ్రామఫోను మాత్రం ఒక్కరింట్లోనే ఉంది, ఫియస్టా పెట్టె, ఎర్రది. కాబట్టి మిగతా ముగ్గురి ఇళ్లలో ప్లేటు ఊరికే అల్మారాలో ఉండేది. వినలేకపోయినా వారం మాత్రం వదులుకోలేదు. కవరు మీద నలుగురి పేర్లు ఉర్దూలో రాసేవాళ్లం, కొన్న తారీకు వేసేవాళ్లం. ముల్లు అరిగితే పాట గరగరమనేది, కొత్త ముల్లుకి పైసల్లేక అరిగిన ముల్లుతోనే వేసి ప్లేట్లు పాడుచేశాం. ‘పాకీజా’ ప్లేటుని అలాగే చంపుకున్నాం. ఆ సినిమా 1972లో వచ్చింది. దానికి పాటలు కట్టిన గులామ్ మహమ్మద్ 1968లోనే పోయాడు. తన పాట ఊరూరా మోగడం ఆయన వినలేదు.

ఆ ఏళ్ల వార్షిక వరసలు ఇప్పటికీ నోటికొస్తాయి. 1973లో మొదటి పాట ‘జంజీర్’లో పఠాను వేషంలో ప్రాణ్ పాడే దోస్తీ పాట. మన్నాడే గొంతు. 1975లో ‘రోటీ కపడా ఔర్ మకాన్’లోని ధరల పాట, నడక ఖవ్వాలీది, పాడినవాళ్లలో జానీ బాబూ ఖవ్వాల్ ఒకడు. ఎమర్జెన్సీ పెట్టిన ఏడాది దేశమంతా మొదటి పాటగా వినబడింది ధరల మీద ఏడుపు! 1977లో ‘లైలా మజ్నూ’ పాట, సాహిర్ రాసింది. ఈ మూడింటిలోనూ మేమున్నామని సంబరపడ్డాం. కొంచెం వయసు వచ్చాక అడగాల్సిన ప్రశ్న అడిగాం. ఆ పాటల్లో ఉన్నది మేమేనా? సినిమా పాటలో ముస్లిం అంటే పఠాను, ఖవ్వాల్, నవాబు, తవాయిఫ్. మెడలో తావీజు, చేతిలో రుమాలు. మిల్లు సైరను విని పరుగెత్తే ముస్లిం ఎక్కడ? దూదేకేవాడు ఎక్కడ? గెలిచింది మా వేషం. మేం గెలవలేదు.

1976లో మరో చిత్రం జరిగింది. కాంగ్రెసు కార్యక్రమంలో పాడనన్నందుకు కిశోర్ కుమార్ పాటలని ఆకాశవాణి, వివిధభారతి ఆపేశాయి. ప్లేటు మీద మాత్రం ఆయన ఆగలేదు. ఆ నెలల్లో మా ఎర్ర పెట్టె చుట్టూ హిందూ దోస్తులే ఎక్కువ చేరారు. తలుపు వేసుకుని పాట వినడం వాళ్లకు కొత్త, తమాషాగా ఉండేది. మాకు కొత్త కాదు.

ఎందుకు కాదంటే 1971 డిసెంబరు. యుద్ధం పదమూడు రోజులు. ఆ రోజుల్లో ముస్లిం ఇంట్లో షార్ట్‌వేవ్ రేడియో ఉండటమే నేరంలా ఉండేది. సిలోన్ ఏ మీటర్ల మీద వస్తుందో వెతుకుతూ ముల్లు తిప్పుతుంటే మధ్యలో కరాచీ, లాహోరు తగులుతాయి. క్షణం గరగర, ఒక ఉర్దూ మాట, అంతే, మేం జరిపేస్తాం. కానీ గోడవతలి వాళ్లకు ఆ క్షణమే వినబడింది. మర్నాడు బడిలో ఒక మాస్టారు నవ్వుతూ, అందరి ముందు, ‘ఏరా, రాత్రి మీవాళ్లు ఏమంటున్నారు?’ అని అడిగాడు. మాస్టారు మంచివాడే. ఫీజు కట్టలేని వాళ్లకు తన జేబులోంచి కట్టినవాడు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది. ఆ బుధవారం మా అబ్బా రేడియో మీద దుప్పటి కప్పి శబ్దం తగ్గించాడు. దుప్పటి కింద నుంచి అమీన్ సయానీ ఎంత నవ్వుతూ మాట్లాడినా నవ్వినట్టు లేదు. ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ 1991లో వచ్చినప్పుడు మాలో చాలామందికి అందులో తమ ఇల్లు కనిపించింది. మాకు ఆ దుప్పటి కనిపించింది.

ఇక మైకుసెట్టు. నిజానికి ప్లేట్లు ఎక్కువగా కొన్నది మాలాంటి వాళ్లు కాదు, మైకుసెట్ల వాళ్లు. మా ఖాలూకి ఒకటుండేది. రెండు బూర మైకులు, ఒక ఆంప్లిఫయరు, బ్యాటరీ, రేకు పెట్టెలో రెండు వందల ప్లేట్లు. ఎడ్లబండి మీద ఊళ్లకు పోయేవాడు. ఏ ఊళ్లో పెళ్లయినా మొదటి పాట ఘంటసాల ‘నమో వెంకటేశా’. డేరా టాకీసుల్లోనూ అదే ఆనవాయితీ. టోపీ పెట్టుకున్న మనిషి బిస్మిల్లా అని ముల్లు దించితే వెంకటేశ్వరుడు వినబడేవాడు. ఎవరికీ తప్పుగా తోచలేదు, ఖాలూకి అసలే తోచలేదు. 1974లో ఘంటసాల పోయిన ఏడే ఆయన భగవద్గీత ప్లేటు వచ్చింది. చావింట్లో దాన్ని వేయించుకోవడం అలవాటైంది. మా ఖాలూ చేతులమీదుగా ఎంతమంది ఆ గీత వింటూ వెళ్లిపోయారో. కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీ ప్లేట్లు, పీరీల పండక్కి ఊరివాళ్లు అడిగినవి, శివరాత్రికి శివుడివి. ఆయన పెట్టెలో యూసుఫ్ ఆజాద్ పక్కన ఘంటసాల, ఘంటసాల పక్కన షకీలా బానో భోపాలీ. సర్దుకోవడానికి ఆయన పెట్టుకున్న పద్ధతి ఒకటే, ఎక్కువ అడిగేది పైన. అదీ ఒక గీత్‌మాలే.

మా ఖాలూ దూదేకుల ఆయన. మా ఖాలా ఆయన్ని చేసుకున్నప్పుడు మా ఇంట్లో గొడవ జరిగింది. ఆయనకు ఉర్దూ సరిగ్గా రాదని, ఇంట్లో తెలుగు మాట్లాడతారని మావాళ్ల చిన్నచూపు. దస్తర్‌ఖాన్ దగ్గర ఆయన ఒక షేర్ తప్పుగా పలికితే మేం పిల్లలం పడీపడీ నవ్వాం. ఆయనా నవ్వాడు. హిందీ పాట నంబర్లు మాకు నోటికొస్తాయని విర్రవీగిన మాకు, ఘంటసాల పద్యాలన్నీ నోటికొచ్చే ముస్లిం మా ఇంట్లోనే ఉన్నాడన్నది సిగ్గుపడాల్సిన సంగతిగా కనిపించింది. మా తహజీబ్ గురించి రాసే వాళ్లు ఇవాళ్టికీ ఆ నవ్వు సంగతి రాయరు.

ఎనభైల్లో దుబాయి పోయినవాళ్లు టూ ఇన్ వన్‌లు తెచ్చారు. క్యాసెట్టు వచ్చింది. ప్లేటులో నాలుగు పాటలు, క్యాసెట్టులో పన్నెండు, ధర తక్కువ, పగలదు. గుల్షన్ కుమార్ టీ సిరీస్ క్యాసెట్లు పాన్ డబ్బాలో కూడా దొరికాయి. వరంగల్లో గద్దర్ పాటల క్యాసెట్లు చేతులు మారాయి. మాలో చాలామందిమి ఆ పాటల వెంట పోయాం. అక్కడ మా పాత ప్లేట్ల గురించి చెబితే బూర్జువా సరదా అన్నారు. మసీదులో కొత్తగా వచ్చిన జమాతు కుర్రాళ్లు హరామ్ అన్నారు. పాత మాస్టార్ల దృష్టిలో అది పాకిస్తాను. మూడు వైపులా ఇన్ని మాటలు పడ్డ సరదా ఇంకోటి లేదు. 1990 ప్రాంతంలో అయోధ్య ఉద్యమం నాటి ప్రసంగాలు కూడా క్యాసెట్ల మీదే ఊళ్లు తిరిగాయి. మేం పాటలు విన్న పెట్టెలాంటి పెట్టెలోంచే మమ్మల్ని వెళ్లగొట్టమనే గొంతు వచ్చింది. 1992 డిసెంబరు తర్వాత వినాయక చవితికి, మా ఖాలూ ఇరవై ఏళ్లుగా మైకు కట్టిన ఊరివాళ్లు మర్యాదగానే కబురు పంపారు, ఈసారి మనవాళ్ల మైకే పెట్టుకుంటున్నాం, ఏమనుకోకు అని. ఆయన ఏమీ అనలేదు. బూర మైకులు కిందికి దించి తుడిచి పెట్టాడు.

గీత్‌మాలా 1989లో వివిధభారతికి మారింది. అప్పటికి మా ఇంట్లో బుధవారానికి ప్రత్యేకత పోయింది. నిజానికి మాకది 1980 జులై 31నే ముగిసింది. రంజాన్ నెల. రఫీ పోయాడని వార్త తెలిసిన రోజు మండిబజార్‌లో ఇఫ్తార్ దగ్గర మాటల్లేవు. తెలుగులో ‘భలే తమ్ముడు’కీ, ‘ఆరాధన’కీ ఆయన పాడిన పాటలని పక్కింటి తెలుగువాళ్లు ఆ రాత్రి తలుచుకున్నారు. మేం అవి అంతకుముందు పట్టించుకోలేదు. ఎన్టీఆర్‌కు రఫీ గొంతేమిటని నవ్వినవాళ్లం. ఆ రాత్రి మా ఖాలూ తన రేకు పెట్టెలోంచి ఆ తెలుగు ప్లేటే తీసి వేశాడు. రఫీ పలికిన తెలుగులో యాస ఉంది, మా ఖాలూ ఉర్దూలో ఉన్నట్టే. ఆ పూట ఎవరం నవ్వలేదు.

అమీన్ సయానీ 2024 ఫిబ్రవరి 20న పోయాడు. తొంభై ఒక్కేళ్లు. ఆ వారం మా ఇంట్లో అటక దించి చూస్తే పదకొండు ఈపీలు మిగిలాయి. ఎర్ర పెట్టె ఎప్పుడో పాత సామాన్లవాడి బండెక్కింది. ప్లేట్లు చూసి మనవరాలు ముచ్చటపడింది, ఫోటోలు తీసుకుంది. ఇంగ్లీషు మీడియం పిల్ల. కవరు మీద ఉర్దూలో ఏం రాసుందని అడిగింది. నాలుగు పేర్లు చదివి చెప్పాం. ఇద్దరు లేరు, ఒకరు జెద్దాలో ఉన్నారు. తారీకు సిరా కారిపోయి సగమే ఉంది. తరవాత ఆ పిల్ల నడిమి చీటీ మీద గోటితో గీకడం మొదలుపెట్టింది. లయి ఎండిపోయి కాగితం పొరలు పొరలుగా ఊడింది. కింద కుక్క తెల్లగా, కొత్తదిలాగే ఉంది.